ఐపీఎల్ 2024 సీజన్: హనుమకొండ నుంచి తరచుగా అడిగే ప్రశ్నలు

సీజన్ ముగిసినా ప్రశ్నలు ముగియలేదు. కాజీపేట స్టేషన్‌లో ఎదురుపడ్డ మిత్రుడు, సుబేదారిలో టీ కొట్టు దగ్గర కుర్రాళ్లు, పెళ్లి పందిట్లో పక్కన కూర్చున్న బావమరిది అందరూ అడిగేవి దాదాపు ఇవే. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక తగ్గింది కాబట్టి ఒకచోట రాసిపెట్టాను. నేను హైదరాబాద్ జట్టు సన్‌రైజర్స్ పక్షపాతిని. జవాబుల్లో ఆ వాసన తగిలితే సర్దుకోండి.

ఫైనల్లో 113కే ఎలా కుప్పకూలారు? సీజనంతా కొట్టినవాళ్లు ఆ ఒక్క రోజు ఏమయ్యారు?

అందరికంటే ఎక్కువ మంది అడిగిన ప్రశ్న ఇది. అడిగే తీరులో కాస్త ఎత్తిపొడుపు కూడా ఉంటుంది.

మే 26న చెన్నై చేపాక్ మైదానంలో కోల్‌కతా మీద సన్‌రైజర్స్ 18.3 ఓవర్లలో 113 పరుగులకు ఆలౌటైంది. ఐపీఎల్ ఫైనల్ చరిత్రలో అంత తక్కువ స్కోరు అంతకుముందు లేదు. మిచెల్ స్టార్క్ మొదటి ఓవర్లోనే అభిషేక్ శర్మ వికెట్ పడగొట్టాడు. లోపలికి వస్తున్నట్టే వచ్చి బయటికి తిరిగి ఆఫ్ స్టంప్‌ను ముద్దాడిన బంతి అది. దానికి ఎవరు ఎదురు నిలిచినా అదే గతి. తర్వాతి ఓవర్లో వైభవ్ అరోరా బౌలింగ్‌లో ట్రావిస్ హెడ్ ఎదుర్కొన్న తొలి బంతికే కీపర్‌కు చిక్కాడు. ఆ ఇద్దరూ వెళ్లాక ఇన్నింగ్స్ కోలుకోలేదు. చివరికి జట్టులో అత్యధిక స్కోరు 24, చేసినవాడు కెప్టెన్ ప్యాట్ కమిన్స్. అంటే బ్యాటర్ల పని బౌలర్ చేయాల్సి వచ్చింది. కోల్‌కతా 10.3 ఓవర్లలో రెండే వికెట్లు పోగొట్టుకుని పని ముగించింది. వెంకటేశ్ అయ్యర్ 26 బంతుల్లో 52 పరుగులతో నిలిచాడు.

నా అభిప్రాయం అడిగితే, ఆ రోజు వాళ్లు కొత్తగా చేసిన తప్పేమీ లేదు. మార్చి నుంచి ఆడిన ఆటే ఆడారు. మొదటి బంతి నుంచే బ్యాటు ఝుళిపించే జట్టుకు రెండు మూడు మ్యాచ్‌లకొకసారి ఇలాంటి రోజు రాక తప్పదు. అది ఫైనల్ రోజే వచ్చింది. లీగ్ దశలో ఓడిన అయిదు మ్యాచ్‌లు చూడండి: ఏప్రిల్ 28న ఇదే చేపాక్‌లో చెన్నై చేతిలో 78 పరుగుల తేడాతో ఓడారు. అప్పుడు ఎవరూ ఇన్ని ప్రశ్నలు వేయలేదు. ఏప్రిల్‌లో బెంగళూరు మీద 287 కొట్టించిన ధైర్యమే 113కీ దింపింది. ఒకటి మెచ్చుకుని రెండోది తిట్టడం నాకు చేతకాదు.

మరి టాస్ గెలిచి ముందు బ్యాటింగ్ ఎందుకు తీసుకున్నారు?

రెండు రోజుల ముందు, మే 24న, అదే మైదానంలో రెండో క్వాలిఫయర్, అంటే ఫైనల్‌కు చేర్చే మ్యాచ్, ఆడి గెలిచారు కాబట్టి. అక్కడ సన్‌రైజర్స్ ముందు బ్యాటింగ్ చేసి 175 పరుగులు చేస్తే, రాజస్థాన్ ఛేదనలో 139 దగ్గర ఆగిపోయింది. మంచు కురుస్తుందనుకుంటే కురవలేదు, బంతి తిరిగింది. షాబాజ్ అహ్మద్ మూడు, ఎప్పుడో కానీ బంతి పట్టని అభిషేక్ రెండు వికెట్లు తీశారు. ఆ రాత్రి చూసిన ఏ కెప్టెన్ అయినా మళ్లీ ముందు బ్యాటింగే అంటాడు. ఫలితం చూశాక నిర్ణయాన్ని తప్పుపట్టడం మనందరికీ బాగా అలవాటైన విద్య.

277 పరుగుల మ్యాచ్ గురించి అందరూ అంతగా చెబుతారేం? తర్వాత 287 కూడా కొట్టారు కదా?

కొట్టారు. కానీ 277 మొదట వచ్చింది, మన దగ్గర వచ్చింది.

మార్చి 27న ఉప్పల్‌లో ముంబయి టాస్ గెలిచి సన్‌రైజర్స్‌ను బ్యాటింగ్‌కు పిలిచింది. ట్రావిస్ హెడ్ 18 బంతుల్లో అర్ధశతకం చేశాడు, సన్‌రైజర్స్ తరఫున అదే అత్యంత వేగవంతమైనదని తెర మీద వేశారు. కాసేపటికే అభిషేక్ 16 బంతుల్లో చేసి ఆ రికార్డును చెరిపేశాడు. వాళ్లిద్దరూ వెళ్లాక కాస్త ఊపిరి పీల్చుకోవచ్చనుకుంటే హెన్రిక్ క్లాసెన్ వచ్చి 34 బంతుల్లో 80 పరుగులు చేసి అజేయంగా నిలిచాడు. 20 ఓవర్లలో 3 వికెట్లకు 277. 2013లో బెంగళూరు చేసిన 263 పరుగుల రికార్డు పదకొండేళ్లు నిలిచి ఆ రాత్రి పోయింది. ముంబయి కూడా తగ్గలేదు, 246 చేసింది. రెండు జట్లూ కలిసి 523. క్వెనా మఫాకా అనే పదిహేడేళ్ల కుర్రాడికి ముంబయి తరఫున అదే తొలి మ్యాచ్. పాపం, నాలుగు ఓవర్లలో 66 పరుగులిచ్చాడు. ఆ వయసులో మనమైతే ఇంటర్ ఫలితాలకే వణికాం.

ఏప్రిల్ 15న బెంగళూరు చిన్నస్వామిలో 287 వచ్చింది. హెడ్ 39 బంతుల్లో శతకం చేశాడు. బెంగళూరు కూడా 262 చేసి 25 పరుగుల తేడాతో ఓడింది. ఏప్రిల్ 20న ఢిల్లీలో మొదటి ఆరు ఓవర్లలోనే వికెట్ పోకుండా 125. ఈ మూడింటిలో నాకు అన్నిటికంటే నమ్మశక్యం కానిది ఆ 125. ఒకప్పుడు పదిహేను ఓవర్లకు అంత వస్తే పర్వాలేదనుకునేవాళ్లం.

ఇంతకీ స్కోర్లు ఇంతలా ఎందుకు పెరిగాయి? బౌలర్లు పాడైపోయారా?

బౌలర్లు పాడవలేదు. వాళ్లకు పని కష్టమైంది. చదునైన పిచ్‌లు, దగ్గరికి జరిపిన బౌండరీ తాళ్లు, రెండు మూడు ఓవర్లు దాటితే స్వింగ్ కాని తెల్ల బంతి పాత కారణాలే. కొత్త కారణం 2023లో వచ్చిన ఇంపాక్ట్ ప్లేయర్ నిబంధన.

టాస్ సమయంలో పదకొండు మందితో పాటు అయిదుగురు అదనపు ఆటగాళ్ల పేర్లు ఇస్తారు. మ్యాచ్ మధ్యలో ఆ అయిదుగురిలో ఒకరిని లోపలికి తెచ్చి, ఆడుతున్న ఒకరిని బయటికి పంపవచ్చు. బయటికి వెళ్లినవాడు మళ్లీ రాడు. తుది జట్టులో అప్పటికే నలుగురు విదేశీయులు ఉంటే వచ్చేవాడు భారతీయుడే కావాలి. లెక్కకు ఒక్క మనిషే. కానీ దాని ప్రభావం మొదటి ఓవర్ నుంచే కనిపిస్తుంది. ఎనిమిదో స్థానంలో కూడా అసలైన బ్యాటర్ ఉన్నాడని తెలిస్తే ఓపెనర్ దేనికి భయపడాలి?

అందుకే పక్క జట్లూ అదే దారి పట్టాయి. ఏప్రిల్ 26న కోల్‌కతా చేసిన 261 పరుగులను పంజాబ్ ఎనిమిది బంతులు మిగిలుండగానే దాటేసింది. టీ20ల్లో అంత పెద్ద ఛేదన అప్పటివరకు లేదు. ఈ నిబంధన ఆల్‌రౌండర్లను ఎదగనివ్వదని రోహిత్ శర్మ బాహాటంగానే అన్నాడు. నాకూ అదే అనిపిస్తుంది. సగం బ్యాటింగు, సగం బౌలింగు వచ్చినవాడికి చోటెక్కడ? బౌలర్లకు ఊరటగా ఆ ఏడాది ఓవర్‌కు రెండు బౌన్సర్లు అనుమతించారు. పులుసులో పులుపెక్కువైతే చిటికెడు ఉప్పు వేసినట్టుంది ఆ ఊరట.

నవంబరులో మనల్ని ఏడిపించినవాళ్లకు చప్పట్లు ఎలా కొట్టారండీ?

మా వీధిలో ఒక పెద్దావిడ నిజంగానే అడిగారు. 2023 నవంబర్ 19న అహ్మదాబాద్‌లో ప్రపంచకప్ ఫైనల్. భారత్‌ను ఓడించిన ఆస్ట్రేలియా కెప్టెన్ కమిన్స్, 137 పరుగులు చేసినవాడు హెడ్. సరిగ్గా నెలకే దుబాయ్ వేలంలో సన్‌రైజర్స్ ఆ ఇద్దరినీ కొనుక్కుంది. కమిన్స్‌కు 20.50 కోట్లు, హెడ్‌కు 6.80 కోట్లు. అదే వేలంలో కోల్‌కతా 24.75 కోట్లు పెట్టి స్టార్క్‌ను తీసుకున్నప్పుడు డబ్బు తగలేశారని నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను. మొదటి క్వాలిఫయర్‌లో హెడ్‌ను సున్నాకే బౌల్డ్ చేసి, ఫైనల్లో ఉత్తమ ఆటగాడిగా నిలిచి, వడ్డీతో సహా చెల్లించాడు.

చప్పట్లు ఎలా కొట్టామంటే, నవంబరులో తిట్టిన నోటితోనే మార్చిలో ఈల వేశాం. లీగ్ క్రికెట్ అంటే అంతే. అల్లుడు ఏ ఊరివాడైనా ఇంటికొచ్చాక మనవాడే.

నెట్ రన్ రేటు అర్థమయ్యేలా చెప్పగలరా?

మే 8నాటి ఉప్పల్ మ్యాచ్ తీసుకుందాం. లఖ్‌నవూ 20 ఓవర్లలో 165 చేసింది. ఓవర్‌కు 8.25. సన్‌రైజర్స్ ఒక్క వికెట్టూ పోకుండా 9.4 ఓవర్లలో 167 చేసింది. హెడ్ 30 బంతుల్లో 89, అభిషేక్ 28 బంతుల్లో 75. ఇక్కడ 9.4 అంటే దశాంశం కాదు, తొమ్మిది ఓవర్ల నాలుగు బంతులు. దాన్ని 9.67గా తీసుకుంటే ఓవర్‌కు దాదాపు 17.28. అందులోంచి 8.25 తీసేస్తే 9.03. ఆ ఒక్క మ్యాచ్‌కు అదీ నెట్ రన్ రేటు. సీజన్ లెక్కకు మాత్రం మ్యాచ్‌ల సగటు తీయరు. మొత్తం చేసిన పరుగులను మొత్తం ఆడిన ఓవర్లతో, ఇచ్చిన పరుగులను వేసిన ఓవర్లతో భాగించి తీసివేస్తారు. ఆలౌటైతే ఎన్ని ఓవర్లు ఆడినా పూర్తి 20 ఓవర్లు ఆడినట్టే లెక్క. చాలామంది మరిచిపోయేది ఇదే.

ఇది దేనికి పనికొచ్చిందంటే, లీగ్ దశ చివర సన్‌రైజర్స్‌కూ రాజస్థాన్‌కూ చెరో 17 పాయింట్లు. నెట్ రన్ రేటులో మనం ముందున్నాం, రెండో స్థానం దక్కింది. రెండో స్థానం అంటే ప్లేఆఫ్స్‌లో ఒకసారి ఓడినా మరో అవకాశం. మే 21న మొదటి క్వాలిఫయర్‌లో కోల్‌కతా చేతిలో ఓడి కూడా ఫైనల్ చేరామంటే ఆ దశాంశాల పుణ్యమే.

మే 16న టికెట్ కొన్నవాళ్లం తడిసి తిరిగొచ్చాం. ఒక్క బంతీ పడకుండా ప్లేఆఫ్స్‌కు ఎలా వెళ్లారు?

వాన వల్ల గుజరాత్‌తో మ్యాచ్ టాస్ కూడా పడకుండానే రద్దయింది. చెరో పాయింటు పంచారు. మనకు ఆ ఒక్కటే చాలింది. ఫలితం తేలాలంటే రెండు జట్లూ కనీసం అయిదేసి ఓవర్లు ఆడాలి. ఆ అవకాశమూ లేకపోయింది. మూడు రోజులకు, మే 19న, పంజాబ్ ఇచ్చిన 215 లక్ష్యాన్ని ఛేదించారు. అదే రాత్రి గువాహటిలో రాజస్థాన్, కోల్‌కతా మ్యాచ్ వానకు కొట్టుకుపోయింది. అంటే ఒక వాన మనల్ని ప్లేఆఫ్స్‌కు పంపితే ఇంకో వాన రెండో స్థానంలో కూర్చోబెట్టింది. తడిసిన మీ చొక్కాకు ఇదే పరిహారం అనుకోండి.

షెడ్యూలు మొదట రెండు వారాలకే ఎందుకు ఇచ్చారు?

లోక్‌సభ ఎన్నికలు. పోలింగ్ తేదీలు తెలిసేదాకా భద్రత సంగతి తేలదు కాబట్టి మొదట 21 మ్యాచ్‌లకే తేదీలు ప్రకటించారు. తెలంగాణలో పోలింగ్ మే 13న జరిగింది. మనకైతే అది చాలదన్నట్టు, ఫైనల్ జరిగిన మర్నాడే, మే 27న, వరంగల్–ఖమ్మం–నల్లగొండ పట్టభద్రుల ఎమ్మెల్సీ ఉప ఎన్నిక. వరుసగా రెండు రోజులు మనవాళ్ల ముఖాలు చూసి ఎవరు దేనికి దిగాలుగా ఉన్నారో చెప్పడం కష్టమైంది.

హనుమకొండ నుంచి ఉప్పల్‌కు వెళ్లి రావడం ఎలా?

ఈ విషయంలో మనం అదృష్టవంతులం. ఉప్పల్ ఉన్నదే మన దారిలో. జనగామ, భువనగిరి, ఘట్‌కేసర్ మీదుగా వెళ్లే 163వ నంబరు జాతీయ రహదారి హైదరాబాద్‌లో అడుగుపెట్టేది అక్కడే. గచ్చిబౌలిలో ఉండే మా తమ్ముడు స్టేడియానికి చేరే సమయానికి నేను ఇక్కడి నుంచి బయల్దేరి దాదాపు అందుకోగలను. ఉప్పల్ చౌరస్తాలో దిగితే స్టేడియం దగ్గరే. రైల్లో సికింద్రాబాద్ వెళ్లినవాళ్లు మెట్రో నీలి మార్గంలో నాగోల్ వైపు వచ్చి ‘స్టేడియం’ అనే స్టేషన్‌లోనే దిగవచ్చు.

వెళ్లడం తేలిక, తిరిగి రావడం అసలు పరీక్ష. సాయంత్రం ఏడున్నర మ్యాచ్ ముగిసేసరికి పదకొండున్నర. ఇద్దరు కెప్టెన్లూ ఫీల్డింగ్ సర్దుతూ నిలబడితే ఇంకా ఆలస్యం. చౌరస్తా దగ్గర వరంగల్ బస్సు ఆపి ఎక్కేసరికి అర్ధరాత్రి, ఇల్లు చేరేసరికి కోడి కూతకు దగ్గర. మధ్యాహ్నం మూడున్నర మ్యాచ్ దొరికితే వదలకండి. ఎండ మండుతుంది, కానీ రాత్రి భోజనానికి ఇంట్లో ఉంటారు. నీళ్ల సీసా, హెల్మెట్, పవర్ బ్యాంకు లోపలికి పోనివ్వరు. బయట దాచిపెడతామనేవాళ్లకు ఇచ్చే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. నేను ఆలోచించలేదు. నా హెల్మెట్ ఇప్పుడు ఏ ఊళ్లో ఎవరి తల కాస్తోందో.

ఏప్రిల్ 5న ఉప్పల్ మొత్తం పసుపు రంగులో ఎందుకుంది?

ధోనీ. ఇంకేం చెప్పాలి? మ్యాచ్ మనం ఆరు వికెట్ల తేడాతో గెలిచాం. ధోనీ ఆడిన బంతులు రెండు. వాటి కోసమే వచ్చినవాళ్లు మా బస్సులోనే పదిమంది ఉన్నారు.

సన్‌రైజర్స్ హైదరాబాద్‌లో హైదరాబాద్ ఎక్కడుంది?

పేరులో, మైదానంలో, అరుపుల్లో. తుది జట్టులో క్రమంగా కనిపించిన తెలుగువాడు నితీశ్ కుమార్ రెడ్డి, అతనిది విశాఖపట్నం. కేవలం 20 లక్షలకు దొరికిన అతను ఏప్రిల్ 9న ముల్లాన్‌పూర్‌లో జట్టు తడబడుతుంటే 37 బంతుల్లో 64 చేసి నిలబెట్టాడు. ఆ మ్యాచ్ రెండు పరుగుల తేడాతో గెలిచాం. మే 2న రాజస్థాన్ మీద 42 బంతుల్లో 76 చేశాడు. ఆ మ్యాచ్ చివరి బంతికి రెండు పరుగులు కావాల్సి ఉండగా భువనేశ్వర్ ఎల్బీడబ్ల్యూ చేసి ఒక్క పరుగుతో గెలిపించాడు. సీజన్ వర్ధమాన ఆటగాడి బహుమతి నితీశ్‌కే దక్కింది.

అసలు హైదరాబాదీలు వేరే జట్లలో ఉన్నారు. తిలక్ వర్మ ముంబయికి, సిరాజ్ బెంగళూరుకు ఆడారు. ఆ 277 మ్యాచ్‌లో ముంబయి తరఫున 34 బంతుల్లో 64 చేసి మనల్ని కాసేపు కంగారు పెట్టింది ఇంటి కుర్రాడు తిలక్కే. వేలంలో ఊరిపేరు చూడరు.

మా అబ్బాయి ఆర్ట్స్ కాలేజీ మైదానంలో రోజూ సిక్సర్లు కొడతాడు. ఐపీఎల్‌కు ఎలా పంపాలి?

నేరుగా పంపే దారి లేదు. డబ్బు కడితే ఐపీఎల్ జట్టులో చోటిప్పిస్తామని ఎవరైనా అంటే వెంటనే లేచి వచ్చేయండి. జిల్లా పోటీలు, హైదరాబాద్ క్రికెట్ సంఘం లీగులు, వయసు విభాగాల రాష్ట్ర జట్లు, ఆపైన రాష్ట్ర జట్ల మధ్య జరిగే సయ్యద్ ముస్తాక్ అలీ టీ20 టోర్నీ. జట్ల తరఫున ప్రతిభ వెతికేవాళ్లు ఎక్కువగా చూసేది అక్కడే. ఆంధ్రకు, హైదరాబాద్‌కు సంఘాలు వేరని గుర్తుంచుకోండి. టెన్నిస్ బంతితో కొట్టే సిక్సర్లకు, తోలు బంతికి సంబంధం తక్కువ. చదువు మాన్పించకండి.

డ్రీమ్ జట్లు కట్టి డబ్బు పెట్టవచ్చా?

వద్దు. తెలంగాణలో 2017లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్‌లో డబ్బు పందేలను నిషేధించారు. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఆ సీజన్లో 277 పక్కనే 113 ఉంది. అలాంటి ఆట మీద లెక్క కట్టి డబ్బు పెట్టేవాడి తెలివిని ఏమనాలో మీరే చెప్పండి.

ఫోన్లో చూస్తుంటే పక్కింటి అరుపు ముందే వినిపిస్తుంది. ఎందుకు?

ఆ ఏడాది జియోసినిమాలో ఉచితంగా ఇచ్చారు. కానీ ఇంటర్నెట్ ప్రసారం టీవీ కంటే కొన్ని సెకన్లు వెనక ఉంటుంది. సిక్సర్ పక్కింట్లో ముందు పడుతుంది, మన ఫోన్లో తర్వాత. దీనికి మందు లేదు, కిటికీ మూసుకోవడమే. ఏప్రిల్లో ఓ రాత్రి ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాల మీద పడుకుని, తెల్లవారి కాంటా కోసం ఎదురుచూస్తున్న రైతులు నలుగురు ఒకే ఫోన్ చుట్టూ చేరి చూస్తుంటే నేనూ వెళ్లి కూర్చున్నాను. అక్కడ ముందే అరిచే పక్కిల్లు లేదు. నేను మ్యాచ్ చూసిన మంచి చోట్లలో అదొకటి, తుమ్ములు తప్పితే.

టోపీలు ఎవరికి వచ్చాయి?

ఆరెంజ్ క్యాప్ 741 పరుగులతో కోహ్లికి, పర్పుల్ క్యాప్ 24 వికెట్లతో హర్షల్ పటేల్‌కు. సీజన్ ఉత్తమ ఆటగాడు సునీల్ నరైన్. సిక్సర్లలో మొదటివాడు మన అభిషేక్, 42.

హైదరాబాద్ ఎన్నిసార్లు గెలిచింది?

సన్‌రైజర్స్ ఒకసారి, 2016లో వార్నర్ నాయకత్వంలో. 2018లోనూ 2024లోనూ ఫైనల్లో ఓడింది. అంతకుముందు డెక్కన్ ఛార్జర్స్ 2009లో గిల్‌క్రిస్ట్ కెప్టెన్సీలో దక్షిణాఫ్రికాలో గెలిచింది. ఆ జట్టు 2012తో పోయింది. దాన్ని కలిపి రెండు అనేవాళ్లతో నేను వాదించను.

277 రోజు మీరు మైదానంలో ఉన్నారా?

లేను. మా అమ్మాయికి మర్నాడు పదో తరగతి పరీక్ష. టికెట్ మిత్రుడికి ఇచ్చేసి, ఇంట్లో టీవీ శబ్దం పూర్తిగా తగ్గించి, మా నాన్నగారూ నేనూ మూగ సినిమాలా చూశాం. ఆయన గావస్కర్ కాలం మనిషి, కళ్లజోడు వెతుక్కునేలోపు రెండు సిక్సర్లు అయిపోయేవి. ఇన్నింగ్స్ ముగిశాక స్కోరు ఎంతని అడిగితే గుసగుసగా 277 అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, “ఇవాళ్టికేనా, నిన్నటిది కూడా కలిపా?” అన్నారు. లోపలి గదిలోంచి పుస్తకం మూసిన చప్పుడు, ఆ వెంటనే అమ్మాయి నవ్వు వినిపించాయి.